గోడమీది ముఖం, మెడలో గొలుసు

ఎన్నికల పోస్టర్‌ని సాహిత్య విమర్శకులు ఎందుకు చదవకూడదు? 1957లో వచ్చిన ‘మిథాలజీస్’లో రోలా బార్త్ ఫ్రాన్స్ అభ్యర్థుల ఫోటోలను పాఠాల్లాగే విప్పి చూశాడు. ఫోటోలోని మనిషి తన పథకాలను కాదు, తన బతుకు తీరును చూపి ఓటడుగుతాడన్నాడు. 2005లో అలెగ్జాండర్ తోదొరోవ్ బృందం అమెరికా సెనేట్ అభ్యర్థుల ముఖాలు చూపించి, ఎవరు సమర్థులుగా కనిపిస్తున్నారని అడిగింది. ఆ జవాబులు సుమారు 70 శాతం పోటీల్లో గెలిచినవారితో సరిపోయాయి.

మన దగ్గర ఎన్.టి. రామారావుకి ఈ పరిశోధనల అవసరం రాలేదు. తెరమీది రాముడూ కృష్ణుడూ 1982లో ఖాకీ బట్టలు తొడుక్కుని చైతన్యరథం ఎక్కారు, తర్వాత కాషాయం కట్టారు. 2003లో చేవెళ్ల నుంచి నడిచిన వైద్యుడు రాజశేఖరరెడ్డి పంచెకట్టుతో రైతు అయ్యారు. మగవాడు బట్ట మారిస్తే వర్గం కూడా మారిపోతుంది. మరి ఆడవాళ్లకో? విశాఖ లోక్‌సభ స్థానంలో 2009లో పురంధేశ్వరి గెలిచారు, 2014లో విజయమ్మ ఓడిపోయారు. ఒకరిలో తండ్రిని, ఇంకొకరిలో పోయిన భర్తను వెతికాం. పురంధేశ్వరి చీరకట్టు గురించి నేను విన్నంత, ఆమె ప్రసంగాల గురించి వినలేదు.

మా దువ్వాడ గాజువాక నియోజకవర్గంలోది. 2019లో ఇక్కడ పవన్ కల్యాణ్ ఓడి, స్థానిక నాయకుడు తిప్పల నాగిరెడ్డి గెలిచారు. 175లో 151 స్థానాలు ఒకే పార్టీకిచ్చిన గాలి అది, కాదనను. కానీ చూడ్డానికొచ్చే జనం వేరు, ఓటేసే జనం వేరు అనే మాట నాకు నచ్చదు. సెజ్‌లో పనిచేసే మా పక్కింటావిడ రెండూ చేసింది. “బాగుంటాడు మేడమ్, కాదన్లేదు. రేషన్ కార్డు పని పడితే ఎక్కడికెల్లి అడుగుతాం?” అంది. అందాన్ని చూసింది, దూరాన్నీ లెక్కేసింది.

2021 మార్చిలో నగరపాలక ఎన్నికల ఫ్లెక్సీల్లో నాయకుడు పెద్దగా, భర్త నవ్వుతూ, అభ్యర్థి దండం పెడుతూ ఓ మూలన కనిపించారు. పేరు రాయొద్దన్న ఒక అభ్యర్థి నాతో చెప్పింది: ఫోటోకి పట్టుచీర వద్దన్నార్ట, డబ్బున్నదనుకుంటారని. నేతచీర కట్టించారు. తీరా ప్రచారానికి బయల్దేరితే, మెడ బోసిగా ఉంటే ‘తనకే లేదు, మనకేం చేస్తుంది’ అంటారని గొలుసు వేయించారు. పేటలోకి వెళ్లేముందు మళ్లీ తీయించారు. కళ్లద్దాలు మాత్రం మొదటిరోజే తీసేయమన్నారు, చదువుకున్న పొగరు కనబడుతుందని! కరపత్రంలో ఏం రాయాలో ఆమెనెవరూ అడగలేదు.

మన రాజకీయ కథల్లో ఈ గొలుసు వేయించి తీయించే ఘట్టం నాకింతవరకు కనబడలేదు. మీలో ఎవరైనా రాసివుంటే పంపండి, చదువుతాను.