రెండో పేజీకి మార్కెంత?

డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా కోనసీమలోని నగరం గ్రామం అమ్మాయి ఈ వారం తన తెలుగు అసైన్‌మెంటు తెచ్చి చూపించింది. విషయం పర్యావరణ పరిరక్షణ. మొదటి పేజీ గైడులోంచి దించింది. రెండో పేజీలో మాత్రం 2014 జూన్ 27 తెల్లవారుజాము ఉంది. ఆ ఊళ్ళో గెయిల్ గ్యాస్ పైపులైను పేలినప్పుడు తను చిన్నపిల్ల. వాళ్ళమ్మ తనను చంకనేసుకుని పరిగెత్తడం, తెల్లారాక కొబ్బరిచెట్లు మొవ్వులతో సహా మాడి కనబడటం రాసింది. 20 మందికి పైగా పోయిన ఘోరం అది. రెండు పేజీలకూ కలిపి ఎర్రసిరాతో ఒకటే అంకె. పక్కన ఒక్క మాట లేదు.

"ఇది బాగుందనాండీ, బాగోలేదనాండీ?" అని అడిగింది.

మార్కుల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. మొదటి ఏడాది రచనకు మార్కులే వద్దని చాలాసార్లు రాశాను. ఈసారీ అదే రాద్దామని కూర్చుంటే ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులుగారు అడ్డొచ్చారు.

కాలేజీ కుర్రాళ్ళు పరీక్షలో ఏ తెలుగు రాస్తే ఒప్పుకోవాలన్న ప్రశ్న మీద నూరేళ్ళ కిందట పండితలోకం రెండుగా చీలింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్‌లో దేశభాషల వ్యాసరచన పెట్టడంతో రాజుకున్న గొడవ అది. గ్రాంథికమే రాయాలన్నారు మన కోనసీమ పంతులుగారు. వాడుకలో ఉన్న తెలుగు రాయనివ్వండని గిడుగు, గురజాడ. దీని మీద విశ్వవిద్యాలయం వేసిన కమిటీ నివేదికతో విభేదించిన గురజాడ 1914లో తన అసమ్మతిని వివరంగా రాసిచ్చారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. నేను ఎప్పుడూ గురజాడ పక్షమే. ఆ అమ్మాయి రెండో పేజీ ఆయన కోరిన తెలుగులోనే ఉంది.

అయితే పంతులుగారిని ఒక విషయంలో మెచ్చుకోవాలి. గ్రాంథికాన్ని ఎందుకు పట్టుకున్నారో 1913లో పుస్తకం వేసి మరీ వాదించారు. ఆయనతో పోట్లాడటానికి గురజాడకు ఒక వాదం దొరికింది. ఈ అమ్మాయికి దొరికింది అంకె. దానితో ఏమని పోట్లాడుతుంది? ఇప్పుడు ఏ తెలుగు రాసినా కాదనం, ఏం చూసి మార్కు వేశామో మాత్రం చెప్పం.

అందుకే మార్కులు తీసేయమని ఇక అడగను. తీసేస్తే గైడు పేజీకీ సొంత పేజీకీ తేడా చూపగలిగే దారి కూడా పోతుంది.

లెక్చరర్లకు ఒకటే మనవి. మీ మీద ఎంత బరువుందో తెలుసు. సెమిస్టరుకు ఒక్క రచన చాలు. మొదటి ప్రతి కింద రెండు వాక్యాలు రాయండి: ఏ పేరా విద్యార్థి సొంతం, ఏ పేరా కాదు. తిరగరాయించండి. మార్కు ఆ రెండో ప్రతికి వేయండి.