రెండవ కన్యాశుల్కం

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడింది, 1897లో అచ్చయింది. ఆడపిల్లలను అమ్ముకోవడం దురాచారమన్న వాదం న్యాయమైనది. జనం మెచ్చుకున్నారు. ఉద్దేశం మంచిదై, విజయం కూడా చేతికందిన రచయిత అక్కడితో ఆగిపోతే ఎవరూ తప్పు పట్టరు. గురజాడ ఆగలేదు. 1909 నాటి ప్రతి ఉత్త దిద్దుబాటు కాదు. దాదాపు కొత్త నాటకం. మధురవాణి పాత్ర అందులో ఎంతో పెరిగింది.

దీనిని శిల్పంలో వచ్చిన పరిణతి అని మాత్రమే చెప్పి ఊరుకునే విమర్శ అసలు సంగతిని వదిలివేస్తుంది. ఆ ప్రతిలోని చివరి ఘట్టం చూడండి. వకీలు సౌజన్యారావు పంతులు నిష్కపటి, సంస్కరణవాది. వేశ్యలతో మాటైనా పనికిరాదన్నది ఆయన నియమం. కాని హత్యానేరం మీదపడ్డ లుబ్ధావధాన్లను కాపాడగల నిజం ఆయన చదివిన న్యాయశాస్త్రంలో లేదు. చనిపోయిందనుకున్న పెండ్లికూతురు ఆడవేషం వేసిన కుర్రవాడన్న రహస్యం మధురవాణికి తెలుసు. ఆమె మగవేషంలో వచ్చి ఆ ఇంట్లో మాట్లాడవలసి వచ్చింది. తీరా ఆయన నియమం సడలబోయిన క్షణంలో దానిని నిలబెట్టినదీ ఆమెయే.

గిరీశం వంటి మాటకారి సంస్కర్తను నవ్వులపాలు చేయడం తేలిక. నిజాయితీపరుడికి ఇంకా తెలియనిది ఉన్నదని చూపడం కష్టం. సరియైన అభిప్రాయం సైతం తలుపులు బిగించుకుంటే అజ్ఞానంగా మారుతుందని ఈ ఘట్టం చెబుతున్నది.

ఇది మనకూ తగిలే మాట. 'భూస్వామ్య సమాజంపై విమర్శ' అని ఒక్క వాక్యంలో ఈ నాటకాన్ని తేల్చివేసి, అదే వాక్యాన్ని విద్యార్థుల చేత వల్లె వేయిస్తున్నాం. ఆ వాక్యం అబద్ధం కాదు. కాని దానిని అప్పగించిన విద్యార్థికి నాటకం చదవవలసిన అవసరం తప్పిపోతున్నది. సిద్ధాంతం కంటికి వెలుగు కావాలి గాని గంత కాకూడదు.

అన్నిటినీ తిరిగి ప్రశ్నిస్తూ పోతే నిలబడే చోటేదని కొందరు అడగవచ్చు. గురజాడ 1909లో కన్యాశుల్కాన్ని సమర్థించలేదు. ఆయన పక్షం మారలేదు. ఆ పక్షాన నిలిచినవాడు ఎవరి దగ్గర నేర్చుకోవాలన్న ఎరుక పెరిగింది. దృఢత్వమంటే అదే. నేర్చుకోవడం మానివేసిన వాడి పట్టుదల దృఢత్వం కాదు, బద్ధకం.