తగవు తీర్చు తీరు

తగవు అను పదమునకు మన భాషలో రెండు అర్థములు గలవు. న్యాయము అనునది ప్రాచీనార్థము; కలహము అనునది నేడు వాడుకలో నిలిచినది. ఒకే మాట రెంటికిని చెల్లుట వింతగా తోచవచ్చును. కాని కలహము పుట్టినప్పుడు ఒక జాతి యేమి చేయునో దానినిబట్టియే దాని న్యాయబుద్ధి తెలియును.

గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు సంస్థానములు పండితపోషణకు పేరొందినవి. కొల్లాపురము నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఆ కాలపు పండితసభలలో వాదము తప్పు గాదు. ప్రతిభకు ప్రతిభయే సమాధానము. అయినను ఈ సంప్రదాయమునకు చీకటి పార్శ్వమును గలదు. తిరుపతి వేంకటకవులకును కొప్పరపు కవులకును నడచిన వివాదము విద్యను విడిచి వ్యక్తిదూషణమునకు దిగెను. ఛందస్సు కుదిరినంత మాత్రమున తిట్టు విద్య గాజాలదు.

గద్వాల సీమవారును, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారును అగు సురవరము ప్రతాపరెడ్డిగారు వేరొక త్రోవ చూపిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొకరు వ్రాయగా, వారు 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అంతమంది కవిత్వము ఒకే యెత్తున నుండుట అసంభవము. రసదృష్టితో చూచినచో ఇది సంచికకు లోపమే. అయినను లేరన్న మాటకు ఉన్నవారిని చూపుటయే తగిన యుత్తరము. ఎవరిని లేరనిరో వారే స్వయముగా పలికిరి. ఈ సంచిక ఘనత యిదియే.

మన యిండ్లలో జరుగుచున్నదేమి? కోడలు కష్టము చెప్పుకొనబోగా పరువు పోవునని నోరు మూయింతుము. ఇంటిగుట్టు లంకకు చేటని సామెత యొకటి వినిపింతుము. పెద్దమనుషులు కూర్చుండి రాజీ కుదిర్తురు. బాధపడినది తలుపుచాటుననే నిలుచును. పోరు నష్టము, పొందు లాభమనుట నిజమే. కాని నష్టమంతయు ఒకరిదై, లాభమంతయు వేరొకరిదైనచో దానిని పొందనుట యెట్లు? గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005లో చట్టము వచ్చినది. అయినను ఇంటివారి మర్యాద మారనిదే ఆమె ఆ చట్టమువరకు పోజాలదు.

సాహిత్యమున 354 మంది గొంతులు వినుటచే ఒక నింద తొలగినది. ఇంటి తగవున ఒక్క గొంతును వినుటకు మనము సిద్ధపడనిచో, మన సంస్కృతిని గూర్చి గర్వించుటకు మనకు హక్కు గలదా? చదువరులే తీర్పు చెప్పవలెను.