జిమ్నీకి 40 మిల్లీమీటర్ల ఎత్తు: ఒక లిఫ్ట్ కిట్‌లోని పనితనం

మారుతి సుజుకి జిమ్నీ 2023 జూన్‌లో 5 తలుపుల బండిగా మన మార్కెట్లోకి వచ్చింది. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది రోజూ ఆఫీసుకూ బజారుకూ తారు రోడ్డు మీదే తిప్పుతారు. సెలవులు కలిసొస్తే గండికోట వైపో, అరకు కొండల వైపో వెళ్లి రాళ్ల బాట పట్టిస్తారు. అలాంటివాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు బండిని కాస్త ఎత్తు చేయించాలని అనిపిస్తుంది. దానికోసం గ్యారేజీలో అడిగేది 'లిఫ్ట్ కిట్'. పొడవైన స్ప్రింగులు వేస్తే బండి లేస్తుంది, అంతవరకు తేలికే. కానీ బండి లేచిన ప్రతి మిల్లీమీటరుకూ అడుగున ఉన్న కడ్డీలన్నీ తమ కోణం మార్చుకుంటాయి. ఆ కోణాల్ని మళ్లీ సుజుకి ఇంజనీర్లు గీసిన గీతకు ఎంత దగ్గరగా తెచ్చిందన్నదే మంచి కిట్‌కు గీటురాయి. రోడ్డు మీదే ఎక్కువగా తిరిగే బండికి ఈ గీటురాయి మరీ ముఖ్యం.

ముందు బండి అడుగున ఏముందో చూద్దాం. జిమ్నీది నిచ్చెన ఛాసిస్. దాని కింద ముందొకటి, వెనకొకటి రిజిడ్ యాక్సిళ్లు. ఒక్కో యాక్సిల్‌ను మూడు కడ్డీలు పట్టి ఉంచుతాయి. రెండు పొడవాటి ఆర్మ్‌లు దాన్ని ముందుకూ వెనక్కూ జరగనివ్వవు. ఒక్కో ఆర్మ్ యాక్సిల్ దగ్గర రెండు బోల్టులతో, ఛాసిస్ దగ్గర ఒక్క బోల్టుతో బిగిసి ఉంటుంది. మూడోది అడ్డంగా పోయే లేటరల్ రాడ్. దాని ఒక కొస ఛాసిస్‌కు, రెండో కొస యాక్సిల్‌కు కట్టి ఉంటుంది, అది పక్కలకు జరగకుండా చూస్తుంది. బరువు మోసేది కాయిల్ స్ప్రింగు, ఊపు ఆపేది షాక్ అబ్జార్బర్. పాత జిప్సీలో కమాను పట్టీలే బరువు మోసేవి, యాక్సిల్‌ను చోటు తప్పకుండా పట్టుకునేవి కూడా అవే. కాయిల్ స్ప్రింగుకు బరువు మోయడం ఒక్కటే తెలుసు. అందుకే ఇన్ని కడ్డీలు, వాటి ప్రతి కీలులో ఒక రబ్బరు బుష్.

ఎత్తితే వచ్చేదేమిటో, రానిదేమిటో ముందే తెలుసుకోవాలి. కంపెనీ చెప్పే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ లిఫ్ట్ కిట్‌తో పెరగదు. యాక్సిల్ మీద ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ చక్రాలతో పాటే ఉంటుంది. స్ప్రింగు ఎంత పొడవైనా అది లేవదు, లేచేది ఛాసిస్ మాత్రమే. హౌసింగ్ లేవాలంటే టైరు పెద్దదవ్వాలి. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ. బదులుగా 215/75 ఆర్15 వేస్తే అది 703 దాటుతుంది, హౌసింగ్ అందులో సగం, అంటే 5 మి.మీ. లేస్తుంది.

మరి ఛాసిస్ లేస్తే ఏమిటి లాభం? బండి నడుము మట్టి గట్టుకు తగలకుండా దాటే కోణం పెరుగుతుంది. 3 తలుపుల జిమ్నీకి ఆ కోణం 28 డిగ్రీలు. మన 5 తలుపుల బండికి చక్రాల మధ్య దూరం 340 మి.మీ. పెరిగి 2,590కి చేరింది, దాంతో ఆ కోణం 24కు తగ్గింది. ఛాసిస్‌ను 40 మి.మీ. లేపితే 3 డిగ్రీలకు పైగా తిరిగొస్తాయి. అంటే పొడవు పెరగడం వల్ల పోయినదాంట్లో చాలా భాగం 40 మిల్లీమీటర్లతోనే దక్కుతుంది. రోడ్డు బండికి అంతకుమించి ఎత్తు ఎందుకన్న ప్రశ్నకు లెక్క ఇక్కడే ఉంది.

ఇక స్ప్రింగు. దాని గట్టిదనం తీగ మందాన్ని బట్టి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతా కొలతలు మారకుండా 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. తీగతో చుడితే స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. చుట్టు వెడల్పు పెరిగితే మెత్తబడుతుంది, చుట్లు ఎక్కువైనా మెత్తబడుతుంది. ఈ మూడింటినీ తూచి, బండి బరువు పడ్డాక సరిగ్గా అనుకున్న ఎత్తులో నిలిచేలా, గతుకుల్లో మెత్తదనం పోకుండా చుట్టాలి. పేరున్న కంపెనీలు ఒకే బండికి రెండు మూడు రకాల స్ప్రింగులు అమ్మేది ఇందుకే. ఇనుప బంపరు, వించ్ మోసే బండికి ఒకటి, ఏమీ మోయని బండికి ఇంకొకటి. ఖాళీగా ఆఫీసుకు వెళ్లే బండికి బరువు మోసే స్ప్రింగు వేస్తే అది అనుకున్నదానికంటే ఎత్తులో నిలబడుతుంది, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా లోపలివాళ్లను ఎగరేస్తుంది. బండి మీద నిజంగా ఎప్పుడూ ఉండే బరువెంతో ముందు లెక్కగట్టి, ఆ తర్వాతే స్ప్రింగు ఎంచుకోవాలి.

మంచి స్ప్రింగు తయారయ్యే తీరు చూస్తే దాని ధర ఎందుకంత ఎక్కువో అర్థమవుతుంది. సిలికాన్, క్రోమియం కలిపిన ఉక్కు తీగను ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరుస్తారు. మళ్లీ మితంగా కాచి దాని పెళుసుదనం తీసేస్తారు. చుట్టిన స్ప్రింగు మీదికి సన్నటి ఉక్కు గుండ్లను వేగంగా కొడతారు, దాన్ని షాట్ పీనింగ్ అంటారు. ఒక్కో గుండు దెబ్బకు పైపొర కాస్త నొక్కుకుపోయి, లోపలికి బిగిసి ఉంటుంది. పగులు సాధారణంగా పైపొరలోనే మొదలవుతుంది, దాన్ని తెరుచుకోనివ్వనిది ఈ బిగువే. ఆ తర్వాత చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునేదాకా స్ప్రింగును పదే పదే నొక్కుతారు. కుంగాల్సినంతా అక్కడే కుంగిపోతుంది. కొన్నవాడి బండి కింద నెలల తరబడి మెల్లగా కుంగే బాధ తప్పుతుంది.

పాత స్ప్రింగు మీదే మందపాటి రింగు పెట్టి ఎత్తే పద్ధతి కూడా ఉంది. మెకానిక్కులు దీన్ని స్పేసర్ అంటారు. స్ప్రింగు గట్టిదనం మారదు కాబట్టి కంపెనీ మెత్తదనం అలాగే ఉంటుంది, ఖర్చూ తక్కువే. 20, 25 మి.మీ. చాలనుకునేవాళ్లకు ఇది తప్పు దారి కాదు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ పాత షాక్ అబ్జార్బర్ పొడవు చాలదు. గుంతలోకి చక్రం జారేటప్పుడు షాక్ పూర్తిగా సాగిపోయి, లోపలి పిస్టన్ పైమూతకు ఠక్కున తగులుతుంది.

కాబట్టి కిట్‌లో పొడవైన షాక్‌లు ఉండాలి. షాక్ విప్పి చూస్తే, చిన్న వాచీ పనిలో ఉండే సూక్ష్మత కనిపిస్తుంది. నూనెలో కదిలే పిస్టన్‌కు పైనా కిందా ఉక్కు బిళ్లలు దొంతరగా ఉంటాయి, ఒక్కోటి 0.1 నుంచి 0.3 మి.మీ. మందం. వాటి పేరు షిమ్‌లు. మలుపులో బండి వాలేటప్పుడు పిస్టన్ మెల్లగా కదులుతుంది. అప్పుడు నూనె చిన్న రంధ్రాల గుండానే పోతుంది, షిమ్‌లు కదలవు, బండి నిబ్బరంగా నిలబడుతుంది. కంకర మీద చక్రం వేగంగా ఎగిరినప్పుడు నూనె ఒత్తిడికి షిమ్‌లు వంగి దారి ఇస్తాయి, దెబ్బ లోపలికి రాదు. సాగేటప్పుడు పనిచేసే షిమ్‌లు వేరు, కుంగేటప్పుడు పనిచేసేవి వేరు. గట్టి స్ప్రింగు కుంగినప్పుడు ఎక్కువ శక్తి దాచుకుంటుంది. అది తిరిగి తన్నకుండా సాగేవైపు షిమ్‌ల దొంతరను మరింత బిగువుగా పేర్చాలి. స్ప్రింగూ షాకూ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి చూసుకుని చేసినవి కొనమనడం అందుకే.

ఇంతదాకా చెప్పింది బండిని లేపే భాగాల గురించి. లేపినందుకు చెదిరిన కోణాలను సరిదిద్దే భాగాలు చిన్నవి, ప్రకటనల్లో కనిపించవు. నా మట్టుకు నాకు కిట్ మొత్తంలో గౌరవం పుట్టించేవి అవే.

సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా కాక వెనక్కి వాలి ఉంటుంది, చేతులు వదిలినా చక్రం నేరుగా పోవడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. కారు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంది, పేరు కాస్టర్. జిమ్నీ ముందు ఆర్మ్‌లు యాక్సిల్ నుంచి వెనక్కి వెళ్లి ఛాసిస్‌ను పట్టుకుంటాయి. ఛాసిస్ లేస్తే ఆర్మ్ వెనక కొస లేస్తుంది, ఆర్మ్‌తో పాటు యాక్సిల్ కూడా ముందుకు తిరుగుతుంది, ఆ వాలు తగ్గిపోతుంది. ఆర్మ్ పొడవు 800 మి.మీ. అనుకుంటే, 40 మి.మీ. ఎత్తుకు దాదాపు 3 డిగ్రీలు పోతాయి. స్టీరింగు తేలిపోతుంది, మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాదు, ఒక్కోసారి ముందు చక్రాలు గడగడా వణుకుతాయి. రిజిడ్ యాక్సిల్‌కు అలైన్‌మెంట్ సెంటర్లో టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మాత్రమే సరిచేయగలరు. కాస్టర్ సరిచేయడానికి బోల్టు గానీ స్క్రూ గానీ ఉండవు.

దీనికి మందు ఒక చిన్న బుష్. పైకి చూస్తే మామూలు బుష్షే, కానీ బోల్టు రంధ్రం సరిగ్గా నడిమధ్యలో ఉండదు, నాలుగు మిల్లీమీటర్లు పక్కకు ఉంటుంది. యాక్సిల్ దగ్గర ఆర్మ్‌కు రెండు బోల్టులున్నాయి కదా. వాటి మధ్య దూరం 150 మి.మీ. అనుకుందాం. ఒక బుష్‌లో రంధ్రం పైకి వచ్చేలా, రెండోదాంట్లో కిందికి వచ్చేలా దింపితే, మొత్తం 8 మి.మీ. తేడా 150 మి.మీ. మీద పడి యాక్సిల్ 3 డిగ్రీలు వెనక్కి తిరుగుతుంది. పోయిన వాలు అచ్చంగా తిరిగొచ్చింది. ఛాసిస్ కోయలేదు, వెల్డింగు చేయలేదు. ఏ వైపు పైకి ఉండాలో బుష్ అంచు మీద చిన్న గీత ఉంటుంది. ప్రెస్ మీద దాన్ని దింపే మెకానిక్కు ఆ గీత చూసుకునే దింపాలి, గీత తప్పితే కాస్టర్ కూడా తప్పినట్టే.

తర్వాత లేటరల్ రాడ్. అది ఒక కొస చుట్టూ వృత్తంలో తిరుగుతుంది. ఛాసిస్ లేచేసరికి రాడ్ ఏటవాలై, యాక్సిల్‌ను కొన్ని మిల్లీమీటర్లు పక్కకు లాగుతుంది. సర్దుబాటు రాడ్‌కు ఒక కొసన కుడి మరలు, రెండో కొసన ఎడమ మరలు ఉంటాయి. బండి మీదే ఉంచి నడిమి గొట్టం తిప్పితే పొడవు పెరుగుతుంది, యాక్సిల్ నడిమికి వస్తుంది, లాక్ నట్టు బిగిస్తే పని అయిపోతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. స్టీరింగు బాక్సు నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్, ముందు లేటరల్ రాడ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడే గతుకులో రెండూ ఒకే వంపులో కదులుతాయి. ఒకదాని కొసను మాత్రమే బ్రాకెట్టుతో కిందికి దించితే ఆ జోడీ చెడి, గతుకు పడ్డప్పుడల్లా స్టీరింగు తనకు తానే తిరుగుతుంది.

కాస్టర్ బుష్‌కు ఒక మూల్యం ఉంది. యాక్సిల్‌ను వెనక్కి తిప్పితే ముందు డిఫరెన్షియల్ ముక్కు కిందికి వంగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల మీద కోణం పెరుగుతుంది. ఎత్తుకు హద్దు గీసేది ఈ లాగులాటే. కాస్టర్ పూర్తిగా తెస్తే షాఫ్ట్ నలుగుతుంది, షాఫ్ట్‌ను కాపాడితే స్టీరింగు తేలుతుంది. జిమ్నీలో మాత్రం రోడ్డు బండికి మేలు చేసే ఒక ఏర్పాటు ఉంది. వెనక చక్రాలు మాత్రమే బండిని నడిపే 2హెచ్‌లో ముందు హబ్బులు వ్యాక్యూమ్‌తో విడిపోతాయి, ముందు షాఫ్ట్ తిరగకుండా నిలిచి ఉంటుంది. రోజంతా తారు రోడ్డు మీద తిరిగే బండి అందుకే కాస్టర్ వైపే మొగ్గవచ్చు. వెనక షాఫ్ట్ ఎప్పుడూ తిరిగేదే. దాని రెండు కొసల్లోని క్రాస్ కీళ్ల కోణాలు సమానంగా లేకపోతే వేగంలో సన్నని వణుకు మొదలవుతుంది. 40 మి.మీ. దాటకపోతే ఆ తేడా ఓర్చుకునే హద్దులో ఉంటుంది.

మిగిలినవి చిల్లరగా కనిపించే పనులు. కొత్త షాక్ పూర్తిగా మూసుకునేలోపే యాక్సిల్ కదలిక ఆగేలా బంప్ స్టాపులను పొడిగించాలి, లేదంటే దెబ్బ షాక్ లోపలి పిస్టన్ మీద పడుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు బిగుసుకోకుండా పొడవు చూడాలి. హెడ్‌లైట్ల వెలుగును కిందికి దించాలి. డ్రాగ్ లింక్‌తో స్టీరింగు నేరుగా తేవాలి, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీకి ఆ నడిమి స్థానం మళ్లీ నేర్పించాలి. అన్నిటికన్నా నైపుణ్యం చూపించేది బోల్టులు బిగించే క్షణం. బుష్ లోపలి ఉక్కు గొట్టానికి రబ్బరు అతికి ఉంటుంది. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, నేల మీదికి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరిగిపోతుంది. తెలిసిన మెకానిక్కు ముందు వదులుగా ఉంచి, బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇస్తాడు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ పిలిచి, ఆ బోల్టులన్నీ మరోసారి చూస్తాడు.

ఎత్తుకు వేరే ఖరీదూ ఉంది. చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు, గురుత్వ కేంద్రం 700 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, ఛాసిస్ 40 మి.మీ. లేచేసరికి పల్టీ కొట్టకుండా తట్టుకునే శక్తి దాదాపు 5 శాతం తగ్గుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ 5 శాతాన్ని వేగం తగ్గించి చెల్లించాలి. చట్టమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఏ మార్పుకైనా ముందు ఆర్టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి తీరాలి.

అన్నీ కలిపి చూస్తే ఎంపిక తేటపడుతుంది. రోజూ రోడ్డు మీదే తిరిగే జిమ్నీకి 30, 40 మి.మీ. ఎత్తు, ఖాళీ బండి బరువుకు తగిన స్ప్రింగు, దానికి జోడీగా చేసిన షాక్‌లు చాలు. వాటితో పాటు పెట్టెలో కాస్టర్ బుష్‌లు, సర్దుబాటు లేటరల్ రాడ్లు, బంప్ స్టాపులు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. అవి లేని పెట్టె ఎత్తు ఇస్తుంది, బండిని ఇవ్వదు. పని బాగా జరిగిన బండిని ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్తే తేడా ఏమీ తెలియదు. స్టీరింగు నేరుగా ఉంటుంది, మలుపు తర్వాత తనే వెనక్కి వస్తుంది, బ్రేకు వేస్తే బండి పక్కకు లాగదు. ఆ మామూలుతనాన్ని నిలబెట్టడానికి ఎన్ని కోణాలు లెక్కగట్టారో, ఎన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిపారో తెలిసినవాడికి, తేడా తెలియకపోవడమే ఆ పనితనానికి దక్కాల్సిన మెప్పు.