జాగిలపాలకుని నేర్పు

కోదాడ మీదుగా హైదరాబాదు-విజయవాడ రహదారిపై వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ప్రయాణించినవారికి, ఎండలో నిలిపిన బండి తలుపును తాకుట యెంతటి సాహసమో చెప్పనక్కఱలేదు. మూసిన అద్దముల వెనుక 10 నిమిషములలోనే ఇంచుమించు మఱి 10 డిగ్రీల వేడి హెచ్చును. మనవలె మేనెల్ల చెమర్చు భాగ్యము లేక, అరికాళ్ల మెత్తలయందు మాత్రమే కొలదిగా స్వేదించుచు, నాలుక వ్రేలవైచి రొప్పుటయే శరణముగాగల పోలీసు జాగిలమునకు ఆ బండియే కొలిమి యగును.

మొయినాబాదు శిక్షణాకేంద్రమున జాగిలముతోబాటు తానును శిక్షణ పొందు హ్యాండ్లరు విద్యలో వాసన పట్టించుట సగమే. తక్కిన సగము, నా దృష్టిలో పెద్దసగము, ఈ వేసవిని గెలుచుట. నీడ జరిగినకొలది బండిని జరిపి, అరచేతి వెనుకభాగమును తారురోడ్డుపై ఆనించి, అది ఓర్వగలిగిననే జాగిలమును దింపి, తాను త్రాగుటకు ముందు దానికి నీరు పట్టి, రొప్పు ముదిరి చొంగ చిక్కనైనచో పొట్టను, పాదములను తడిపి గాలి తగులునట్లు చేయువాడే నేర్పరి. 38.5 డిగ్రీల మేనివేడి సహజమైన ఆ జీవికి 41 దాటిన ప్రాణాపాయమని ఆతడెఱుగును. ఏసీని నమ్మి దిగిపోడు. అది ఆగినపుడు మొఱపెట్టుకొనుటకు జాగిలమునకు మాటలు లేవు గదా!

దొంగ పట్టుబడిన మఱునాడు పత్రికలో జాగిలము బొమ్మ పడును. నీటిగిన్నె పట్టిన చేయి మాత్రము బొమ్మ అంచున తెగిపోవును.