అచ్చూ అట్టా కలిసిన పనితనం

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చు వేయించిన క్రిస్మస్ కార్డుతో శుభాకాంక్షలు అంగడికెక్కాయి. అయినా చేత్తో కార్డు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

రబ్బరు స్టాంపుకు సిరా పట్టించేటప్పుడు ప్యాడ్ మీద మెల్లగా తట్టాలి. గట్టిగా అదిమితే గీతల సందుల్లోకి సిరా దిగి బొమ్మ అలుక్కుపోతుంది. కాగితం మీద కదలకుండా నొక్కి, నిటారుగా పైకెత్తాలి. తడి ఆరకముందే ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది దులిపి, వేడిగాలి చూపిస్తే పొడి కరిగి గీత ఉబ్బుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. మన పెడన కలంకారీ అద్దకంలోనూ టేకు అచ్చుకు రంగు సమంగా పట్టించడంలోనే నేర్పంతా ఉంది.

ఇక పొరలు. అడుగున దళసరి అట్ట. మడవబోయే చోట ముందే గాడి గీయకపోతే మడత పగులుతుంది. దాని మీద చుట్టూ సన్నని అంచు వదిలి రంగు కాగితం, ఆపైన కత్తిరించిన బొమ్మ. బొమ్మ వెనక ఫోమ్ టేపు ముక్కలు అంటిస్తే అది పైకి లేచి, కింద చిన్న నీడ పడుతుంది. ఆ నీడే కార్డుకు అందం.

కొన్న కార్డు ఎవరికైనా పంపవచ్చు. చేసిన కార్డులో రంగు, బొమ్మ, మాట అన్నీ ఒక్క మనిషిని తలచుకుని ఎంచుకున్నవే. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు తప్పక నేర్పవలసిన విద్య ఇది.