పెద్దరికం ఎవరిది?

కళాశాల తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా నిలబడే కుర్రవాడు ముందు కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ (1976) చదవాలి. మనవారి వలసను తమిళంలో చెప్పిన నవల. అందులో ఓట్లు లేవు. ఊరిపెద్దరికం కోట్టయార్ ఇంటిది, గోవిందప్ప నాయకర్ మాటే చెల్లుతుంది. అయితే వలస కథంతా దాచి చెప్పేది నూరేళ్లు దాటిన మంగత్తాయారమ్మ. ఊరిని కలిపి ఉంచింది ఆ అవ్వ జ్ఞాపకమే గాని ఆయన పెద్దరికం కాదనిపిస్తుంది నాకు. రచయిత ఆ తేడాను నిలదీయకుండా మురిపెంగా దాటిపోయాడు. అది లోపమే.

ఇంకొకటి. ఇడైసెవల్‌లో పుట్టిన కి.రా. ఇంట తెలుగు, కలాన తమిళం. ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయనే మన సంఘంలో నామినేషన్ వేసి ఉంటే? “తెలుగులో ఏం రాశావయ్యా?” అని వెనక్కి పంపి ఉండేవాళ్లం. కోయంబత్తూరులో, మధురలో తెలుగక్షరం రాని మన పిల్లలనూ అలాగే పంపుతున్నాం.